మా ఇంట్లో మాటలు మోసే పని

మా బాపుకూ అవ్వకూ పదేళ్ళు మాటల్లేవు. ఇది విని అయ్యో పాపం అనకండి. నేను చెప్పబోయేది కష్టాల కథ కాదు. ఆ పదేళ్ళలో మా ఇంట్లో ఒక్క పూట పొయ్యి ఆరలేదు, ఒక్క మడి బీడు పడలేదు. పైగా వాళ్ళ రెండో బిడ్డ, మా చెల్లె భూమవ్వ పుట్టింది ఆ పదేళ్ళలోనే. మాటల్లేని ఇంట్లో పిల్ల ఎట్లా పుట్టిందని ఊరి ఆడవాళ్ళు బావి దగ్గర చాలా ఏళ్ళు నవ్వుకున్నారు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో నాకు అర్థమయ్యేసరికి చెల్లె బడికి పోతున్నది.

మాది బోధన్‌కు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న పల్లె. చక్కెర ఫ్యాక్టరీ కూతను బట్టి అవ్వ ఎసరు పెట్టేది, బాపు ఎడ్లను విప్పేవాడు. మా చెరుకు చాలామటుకు బండ్ల మీద ఫ్యాక్టరీకే పోయేది. ఒక్క అర ఎకరం మాత్రం బాపు బెల్లానికని ఉంచేవాడు. చలికాలంలో నాలుగు రోజులు గానుగ ఆడించి బెల్లం వండటం మాకు పెద్ద పండుగ. మా ఇంటి కొట్లాట మొదలైంది ఆ పండుగలోనే.

బెల్లం వండటం చూడనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. చెరుకు రసం కాగే కడాయి గట్టు మీద ఉంటుంది. పొయ్యి భూమిలోకి తవ్వి ఉంటుంది. మంట వేసే మనిషి వెనకవైపు గుంతలో కూర్చుని, ఎండిన చెరుకు పిప్పిని పొయ్యిలోకి తోస్తుంటాడు. అతనికి కడాయి కనపడదు. పైన పాకం చూసే మనిషికి మంట కనపడదు. పైనుంచి ఒకరు తగ్గించు అనాలి, కింద ఒకరు వినాలి. అంతే పని. ఆ కాస్త పనిలోనే ఏ మొగుడూ పెళ్ళాం ఎట్లాంటివాళ్ళో తేలిపోతుంది.

మా అవ్వ అంజవ్వది మాక్లూర్. వాళ్ళ పుట్టింటి బెల్లమంటే చుట్టుపక్కల పేరు. పాకం చూడటం ఆమెకు చిన్నప్పటి నుంచే తెలుసు. మా బాపు ముత్తన్నకు తన మంట మీద, తన ముక్కు మీద నమ్మకం. యాభై ఏడు చలికాలంలో ఒకరోజు అవ్వ పైనుంచి మంట తగ్గించమన్నది. బాపు గుంతలోంచి, ఇంకా పాకం వాసన రాలేదన్నాడు. అవ్వ మళ్ళీ చెప్పింది. బాపు మళ్ళీ వాసన సంగతే ఎత్తాడు. ఇట్లా ఒకరికొకరు చెప్పుకుంటుండగానే కడాయి మాడింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నల్లగా అంటుకుపోయిన ఆ కడాయి చుట్టూ గానుగ దగ్గరి జనమంతా నిలబడి చూడటం నాకు బాగా గుర్తు.

“కండ్లతోని సూసేటోళ్ళు జెప్తే ఇనాలె. గుంతల కూసున్నోనికి ఏం తెలుస్తది?” అన్నది అవ్వ.

“మాక్లూరోళ్ళకేనా బెల్లం ఒండుడు వచ్చేది? మేము గిన్నేండ్ల సంది ఉప్పు ఒండుతున్నమా?” అన్నాడు బాపు.

పుట్టింటిని అంటే అవ్వ ఊరుకునే రకం కాదు. అందరి ముందరా కొంగు బిగించి, “ఇగ నేను నీతోని ముందుగాల మాట్లాడితే నా పేరు అంజవ్వనే కాదు,” అన్నది. బాపు మీసం మీద చెయ్యి వేసి, “నేను ముందుగాల మాట్లాడితే గీ మీసం తీసేస్త,” అన్నాడు. మా బాపుకు ఆ మీసమంటే ఎంత ప్రేమో చెప్పాలంటే, దానికి రోజూ కొబ్బరినూనె రాసేవాడు. తలకు మాత్రం ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు.

ఇద్దరూ మూతులు బిగించుకుని ఇంటికి వచ్చారు. అన్నం దగ్గర బాపు నన్ను పిలిచి, “సత్తీ, మీ అవ్వకు జెప్పు, ఇంకింత చారు పొయ్యమని,” అన్నాడు. అవ్వ మూడడుగుల దూరంలో గంటె పట్టుకుని కూర్చుని ఉన్నది. నేను ఆ మూడడుగులు నడిచి చెప్పాను. అదే నా నౌకరి మొదటి రోజు.

మొదట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. అట్లా చెబితే ఇల్లు నిలబడదని నెల తిరగకముందే తెలిసిపోయింది. ఒకరోజు వంటింటి గోడ అవతల నుంచి అవ్వ, “గాయనకు జెప్పు, గా దోతి చెర్వుల ముంచితే చాపలు సస్తయని,” అన్నది. నేను గోడ ఇవతలికి వచ్చి, “బాపూ, అవ్వ దోతి ఇయ్యమంటున్నది, ఉతుకుతదట,” అన్నాను. బాపు కాసేపు నా మొహం చూసి, వేరే దోతి కట్టుకుని పాతది నా చేతికిచ్చాడు. అవ్వ కూడా దాన్ని ఉతికి ఆరేసింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అబద్ధం ఇంత బాగా పనికొస్తుందని బడిలో ఎవరూ చెప్పి ఉండలేదు.

ఇంకోరోజు పప్పులో ఉప్పు ఎక్కువైంది. “మీ అవ్వనడుగు, పప్పుల ఉప్పేసిందా, ఉప్పుల పప్పేసిందా?” అన్నాడు బాపు. నేను లోపలికి పోయి, “అవ్వా, పప్పు మంచిగున్నదట, బాపు ఇంకింత అడుగుతుండు,” అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, మూతి పక్కకు తిప్పుకుని, రెండు గంటెలు నిండుగా పోసిచ్చింది. బాపు ఆ గిన్నెను చూశాడు, నన్ను చూశాడు, నోరెత్తకుండా మొత్తం తిన్నాడు. ఆ పూట నాలుగు చెంబుల నీళ్ళు తాగాడు.

అట్లా ఇద్దరి మాటలనూ చాటలో పోసి చెరిగినట్టు పొట్టు ఊది, గింజ మాత్రం అందించేదాన్ని. ఒక్కోసారి గింజే ఉండేది కాదు. అప్పుడు నా దగ్గరిది ఏదో వేసి నింపేదాన్ని. పదేళ్ళలో ఈ విద్యలో ఎంత ఆరితేరానంటే, అవ్వ నోరు తెరవకముందే బాపుకు ఏం చెప్పాలో నా మనసులో తయారైపోయేది.

ఊరివాళ్ళు మా ఇంటిని చూసి జాలిపడేవారు. నాకేమో పక్కింటి లింబయ్య కాకను చూస్తే జాలేసేది. ఆయనా, ఆయన భార్య వెంకటవ్వ చిన్నమ్మా పొద్దున లేచింది మొదలు మాట్లాడుకుంటూనే ఉంటారు, కాని ఒక్క మాట కూడా వడకట్టరు. మాటలతో పాటు చెంబులు కూడా వాకిట్లోకి వచ్చిపడేవి. సాయంత్రమైతే వాళ్ళ పిల్లలు ముగ్గురూ పుస్తకాలు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవారు, ఇక్కడైతే నిమ్మళంగా ఉంటదని. ఒక ఇల్లు బాగున్నదా లేదా తెలుసుకోవాలంటే ఆ ఇంటి పిల్లలు ఎక్కడ కూర్చుని చదువుకుంటున్నారో చూడాలని నేను ఇప్పటికీ అంటాను.

ఒకటే చిక్కు. నేను ఇల్లు కదలడానికి వీల్లేదు. ఒకసారి మాక్లూర్‌లో మేనమామ ఇంట్లో రెండు రోజులుండి వచ్చేసరికి మా బర్రె ఈని ఉన్నది. చెప్పడానికి మనిషి లేక అవ్వ గిన్నెడు జున్ను వండి బాపు ముందర పెట్టిందట. బాపు జున్ను తిని, చెయ్యి కడుక్కుని, దూడను చూడటానికి కొట్టంలోకి పోయాడట. తర్వాత నేను రాగానే ఇద్దరూ రెండు వైపుల నుంచీ, అది దున్నదూడనా పెయ్యదూడనా అన్న తగువును నాకు అప్పజెప్పారు. పెయ్యదూడ అని కళ్ళతో చూసి చెప్పాను. ఆ తగువులో ఓడింది బాపు.

అరవై ఏడు జనవరిలో పంచాయతీ సమితి ఆఫీసు నుంచి నాకు కాగితం వచ్చింది. ముప్కాల్ బడిలో టీచరు ఉద్యోగం. పదిహేను రోజుల్లో పోయి చేరాలి, లేదంటే వేరేవాళ్ళకిస్తారు. ముప్కాల్‌లో మా మేనత్త హన్మవ్వ ఉన్నది కాబట్టి ఉండటానికి ఇబ్బంది లేదు. కాగితం చదివి వినిపిస్తే బాపు మీసం దువ్వి, “మీ అవ్వకు జెప్పు, ఆమె బిడ్డ టీచరమ్మ అయిందని,” అన్నాడు. అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “ఆమె బిడ్డనే గాదు, ఆయన బిడ్డ గూడ అయిందని జెప్పు,” అన్నది. ఆ రెండు మాటలనూ ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. ఇన్నేళ్ళలో నేను చెయ్యి పెట్టని మాటలు అవేనేమో.

ఆ సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. సాయంత్రం పసుపు తోట కాడ నీళ్ళు మలుపుతుంటే భయం పట్టుకుంది. బాపు ఎరిగిన అవ్వ నేను తయారు చేసిన అవ్వ. అవ్వ ఎరిగిన బాపు కూడా నా చేతి పనే. నేను పోతే ఈ ఇద్దరూ ఒకరి మాట ఒకరు మొదటిసారి అసలు రూపంలో వింటారు. చేపలు చచ్చే దోతి, ఉప్పులో వేసిన పప్పు, అన్నీ బయటపడతాయి. ఇన్నేళ్ళు నేను అబద్ధాల మీద నిలబెట్టిన ఇల్లు నేను పోయిన మర్నాడే కూలుతుందనిపించింది. నిజంగానే అనుకున్నాను ఆ మాట.

అందుకని చెల్లెకు పని నేర్పుదామనుకున్నాను. భూమవ్వకు ఏడేళ్ళు, ముందు పళ్ళు రెండు లేవు. దానికి జ్ఞాపకశక్తి ఎక్కువ, దయ తక్కువ. విన్నది విన్నట్టు, ఆ గొంతుతో, ఆ చేతులు తిప్పడంతో సహా అప్పజెపుతుంది. మొదటిరోజే అవ్వ, “గాయనకు జెప్పు, మన ముసలెద్దుకున్న తెలివి గూడ లేదని,” అన్నది. భూమి నడుం మీద చెయ్యి పెట్టుకుని బాపు ముందర నిలబడి, “బాపూ, మన ముసలెద్దుకున్న తెలివి గూడ నీకు లేదట,” అన్నది.

“గా ముసలెద్దునే చేస్కోకపోయిందా అని అడుగు మీ అవ్వను,” అన్నాడు బాపు.

భూమి పరుగెత్తుకుంటూ పోయి అడిగింది. పని కొత్త కదా, దానికి ఎక్కడలేని హుషారు.

నేను దాన్ని పక్కకు లాగి, “జర మంచిగ జెప్పాలె భూమీ. పోయి పోయి గట్లనే అంటవా?” అన్నాను.

“అవ్వ అన్నదే గట్ల. అబద్ధమాడితే కండ్లు పోతయని నువ్వే జెప్పినవ్ గదా అక్కా,” అన్నది.

చెప్పిన మాట నిజమే. నా కళ్ళు ఇంకా ఎట్లా ఉన్నాయో నాకే తెలియదు.

మూడు రోజులు గడిచేసరికి ఇల్లు ఇల్లులా లేదు. బాపు అన్నం సగంలో లేచిపోతున్నాడు. అవ్వ గిన్నెలను కడగడం మాని కొడుతున్నది. మూడో సాయంత్రం లింబయ్య కాక పిల్లలు పుస్తకాలతో వచ్చి, వాకిట్లోనే నిలబడి చెవి పెట్టి విని, వెనక్కి మళ్ళిపోయారు. అది చూసిన క్షణమే నేను నిర్ణయం చేసుకున్నాను.

తెల్లారేసరికి గడువు ఇంకా రెండు రోజులుంది. ఆ రోజు బెల్లం వండటంలో ఆఖరు రోజు. పొద్దున్నే ఇద్దరూ వినేటట్టు చెప్పాను. “నేను ముప్కాల్ పోను.”

“ఎందుకు పోవు?” అన్నాడు బాపు.

“పోబుద్ధి అయితలేదు.”

అవ్వ చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. ఏదో ఒకటి బాపుకు చెప్పమంటుందని ఎదురుచూశాను. అనలేదు. బాపూ ఏమీ చెప్పి పంపలేదు. ఇద్దరూ నా తల మీదుగా ఒకరినొకరు చూసుకున్నారు. పదేళ్ళలో వాళ్ళు అట్లా సూటిగా చూసుకోవడం నేను చూడలేదు. తర్వాత ఎవరి పని మీద వాళ్ళు గానుగ కాడికి పోయారు.

బాపు గుంతలో దిగి మంట అందుకున్నాడు. అవ్వ గట్టు మీద కడాయి దగ్గర గంటె పట్టుకుని నిలబడ్డది. ఇద్దరికీ నడుమ, ఇన్నేళ్ళూ నేను నిలబడిన చోట భూమి నిలబడ్డది. నాకు అక్కడికి పోవడానికి మనసొప్పలేదు. ఇరవై అడుగుల దూరంలో గానుగలోకి చెరుకు పెడుతూ కూర్చున్నాను. లింబయ్య కాక ఎడ్లను తోలుతున్నాడు.

రసం కాగింది. అది తేటపడేందుకు అవ్వ బెండకాడల నీళ్ళు పోసి, పైకి తేలిన మడ్డి తీసింది. రసం రంగు తిరిగింది, నురుగు చిక్కబడింది. భూమి అవ్వను బతిమాలి చెరుకు ముక్కను ఆ నురుగులో ముంచుకుని చీకడం మొదలుపెట్టింది. అవ్వ చెంబులోని చల్లటి నీళ్ళలో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసింది. “భూమీ, మంట గుంజమను,” అన్నది.

భూమి కదల్లేదు. రెండు చేతులా చెరుకు ముక్క పట్టుకుని, కళ్ళు మూసుకుని చీకుతున్నది. దానికి ఆ సమయంలో బాపూ లేడు, అవ్వా లేదు. కడాయిలో నురుగు అంచుదాకా లేచింది. నా చేతిలోని చెరుకు పడేసి లేచాను. అరవడానికి నోరు తెరిచాను. నా నోట్లోంచి మాట రాకముందే వేరే రెండు నోళ్ళు తెరుచుకున్నాయి.

“ఓ అయ్యా, మంట గుంజు, పాకం పోతది.”

“ఏమే, మాడు వాసనొస్తున్నది, సూస్తలేవా?”

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. గానుగ ఎడ్లు వాటంతటవే ఆగాయో, లింబయ్య కాకే ఆపాడో తెలియదు. గుంతలోంచి మసి పూసుకున్న బాపు తల పైకి లేచింది. పైనుంచి అవ్వ వంగి చూసింది. ఇద్దరూ నోరు తెరుచుకుని అట్లాగే ఉన్నారు. తర్వాత బాపు చప్పున కిందికి పోయి మండుతున్న పిప్పిని బయటికి గుంజాడు. నేనూ లింబయ్య కాకా ఇంకో ఇద్దరూ పరుగెత్తి కర్రలతో కడాయిని దించాము. బెల్లం కొంచెం నల్లబడింది కాని మాడలేదు.

అందరం కలిసి పాకాన్ని తొట్టిలో పోశాము. పోయడం అయ్యాక బాపు చేతులు దులుపుకుని, “నువ్వే ముందుగాల మాట్లాడినవ్,” అన్నాడు.

“నువ్వే,” అన్నది అవ్వ.

“లింబయ్యా, నువ్వు జెప్పు.”

“నా చెవుల పిప్పి పడ్డదన్నా, నాకేం ఇనపడలే,” అన్నాడు లింబయ్య కాక. తెలివైనవాడు.

“ఇద్దరు ఒక్కపారే అన్నరు,” అన్నది భూమి, ముక్క నోట్లోంచి తీసి. అది అబద్ధమాడదని ఊరందరికీ తెలుసు కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఇక మొదలైంది. పదేళ్ళ మాటలు కట్ట తెగినట్టు వచ్చిపడ్డాయి. నాకు భయమేసింది. ఇద్దరి మధ్యకు పోయి, “బాపూ, అవ్వ గట్ల అంటలేదు, ఆమె మనసుల—” అంటుండగానే అవ్వ నా భుజం పట్టి పక్కకు జరిపింది. “నువ్వు జరుగు సత్తీ. మేము మాట్లాడుకుంటున్నం.”

“నా దోతి చెర్వుల ముంచితే చాపలు సస్తయనలే నువ్వు?” అన్నాడు బాపు.

ఆ మాట నేను బాపుకు ఎన్నడూ చెప్పలేదు.

“అన్న. ఉప్పుల పప్పేసిన్నని నువ్వనలే?” అన్నది అవ్వ. ఆ మాట కూడా నేను చెప్పలేదు.

“అన్న. అని రెండు గంటెలు తిన్న గదా. నాలుగు చెంబుల నీళ్ళు తాగి గూడ నాలిక మండింది.”

“తెల్సే పోసిన రెండు గంటెలు,” అన్నది అవ్వ. అని ఫక్కున నవ్వింది.

నేను ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. “గవన్ని మీకెట్ల తెల్సు?” అన్నాను.

అవ్వ నవ్వు ఆపుకుంటూ, “మన ఇంట్ల ఉన్నది ఒక్కటే గోడ. అది గూడ నెత్తి దాంక లేదు. మాకు చెవులు లేవనుకున్నవా బిడ్డా?” అన్నది.

“మరి నేనొచ్చి జెప్పేదాంక ఎందుకు ఆగుతుంటిరి?”

బాపు నా వైపు చూడలేదు. తొట్టిలో ఆరుతున్న బెల్లం వైపు చూస్తూ చెప్పాడు. “మీ అవ్వ అన్నది గోడ అవతలికెల్లి ఇంటుంటి. కోపమొస్తుండె. జరసేపటికి నువ్వొచ్చి ఇంకో తీరు జెప్తుంటివి. గట్ల అంటే ఎంత మంచిగుండు అనుకుంటుంటి. అనుకోంగ అనుకోంగ గట్లనే అన్నదనిపిస్తుండె.”

“నాకు గూడ గంతే,” అన్నది అవ్వ.

నాకు ఏడుపు రాలేదు, మండిపోయింది. ఆ గోడకు ఇటూ అటూ పదేళ్ళు తిరిగాను. ఎన్ని అబద్ధాలు, ఎన్ని భయాలు. కళ్ళు పోతాయేమోనని చిన్నప్పుడు ఎన్నిసార్లు కళ్ళు నలుపుకుని చూసుకున్నానో. “ఇద్దరికి ఇనపడ్తుంటే నన్ను పిచ్చిదాని తీరు తిప్పిండ్రు,” అని అక్కడే కూర్చుండిపోయాను.

అవ్వ నా పక్కన కూర్చుని తల మీద చెయ్యి వేసింది. చేతికి పాకం అంటి ఉంది, నా జుట్టు అంటుకుపోయింది. “నువ్వు తిరగకపోతే గా కోపాలకు మేము ఏనాడో చెరొక దిక్కు అయితుంటిమి. గంత పని చేసినవ్. ఇగ చాలు. పొద్దుగాల నువ్వు పోనంటే నాకు అర్థమైంది, మా నోర్లు మూసుకున్నందుకు నీ నౌకరి పోతున్నదని. ఇయ్యాల ఎట్లనన్న నోరు తెరుద్దామనే గట్టెక్కిన,” అన్నది.

“నేను గూడ గందుకే గుంతల దిగిన,” అన్నాడు బాపు. “కాని వాసన మాత్రం నిజంగనే వచ్చింది.”

“పాకం నాకు ముందే కనపడ్డది,” అన్నది అవ్వ. మళ్ళీ మొదలు.

మర్నాడంతా నేను చెవులు రిక్కించి ఇంట్లో తిరిగాను. అవ్వ అన్నం వడ్డిస్తూ, “ఓ ముసలెద్దా,” అని, చప్పున ఆగి, “ఇంకింత ఎయ్యాల్నా?” అన్నది. బాపు చారు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి, ఏదో అనబోయి, మింగి, “ఇంకింత పొయ్యి,” అన్నాడు. ఇద్దరూ అట్లా మాట మధ్యలో ఆగడాన్ని నేను గుర్తుపట్టాను. గోడకు ఇటు నుంచి అటు నడిచే ఆ మూడడుగుల సమయం అది. నా నౌకరి పోయింది, పోయినా ఇంట్లోనే ఉన్నది. ఆ సాయంత్రం లింబయ్య కాక పిల్లలు మా అరుగు మీద కూర్చుని ఎక్కాలు చదివారు. నేను లోపలికి పోయి నా చీరలు ట్రంకు పెట్టెలో సర్దుకున్నాను.

బయలుదేరే రోజు పొద్దున్నే బాపు ఎటో పోయి వచ్చాడు. మొదట గుర్తుపట్టలేదు. మూతి బోసిగా, పై పెదవి తెల్లగా ఉంది. భూమి చూసి, ఎవరో వచ్చారని అవ్వను పిలిచింది.

“ఇద్దరం ఒక్కపారే మాట్లాడినం గదా. అంటే నేను గూడ ముందుగాల మాట్లాడినట్టే. మాటంటే మాట,” అన్నాడు బాపు.

అవ్వ చాలాసేపు ఆ పెదవి వైపే చూసింది. “మరి నా పేరు గూడ అంజవ్వ కాదు గదా. ఏమని పిలుస్తవో నువ్వే జెప్పు,” అన్నది.

బాపు ఆలోచించాడు. “సత్తోళ్ళవ్వ,” అన్నాడు. ఆ రోజు నుంచి మా అవ్వను బాపు పిలిచేది ఆ పేరుతోనే. మీసం మళ్ళీ పెంచుకోమని అవ్వ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

బండి కట్టి బోధన్ బస్సుల కాడికి వచ్చాము. నిజామాబాద్‌లో దిగి, జక్రాన్‌పల్లి మీదుగా పోయే ఇంకో బస్సెక్కాలి. దారిపొడుగునా ఇద్దరూ నాకు జాగ్రత్తలు చెప్పారు, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటూ. నేను బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చునేసరికి అవ్వ నోరు ఆగిపోయింది. నా వైపు చూడకుండా ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు తిరిగి నిలబడ్డది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బాపుతో, “దానికి జెప్పు, తల బయటికి పెట్టకుండ మూసుకోని కూసోమని. బస్సు పోతే పీడ పోతది,” అన్నది.

అవ్వ నాకు గజం దూరంలో ఉన్నది. ప్రతి మాటా విన్నాను.

బాపు కిటికీ దగ్గరికి వచ్చాడు. “సత్తీ,” అన్నాడు, “మీ అవ్వ అంటున్నది, శనివారం శనివారం తప్పకుండ రావాలెనట. నువ్వు లేకుంటే ఇల్లు ఇల్లు తీరు ఉండదట.”

డ్రైవరు బస్సు స్టార్టు చేశాడు. నేను కిటికీ కడ్డీ మీద ఉన్న బాపు చెయ్యి పట్టుకున్నాను.

“మళ్ళొకపారి జెప్పు బాపూ,” అన్నాను.

బాపు మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇంకో రెండు మాటలు కలిపాడు.